వ్యూహక్రీడలలో పటరచన



చదరంగమునకు పుట్టినిల్లు భారతదేశమని చెప్పుకొనుట తెలుగువారికి ఇష్టమైన విషయములలో ఒకటి. ఏనుగు, గుఱ్ఱము, రథము, కాలిబంటు అను నాలుగు అంగములును కూడిన ఆ క్రీడ ఇక్కడ నుండియే పారసీకమునకును, అక్కడ నుండి పాశ్చాత్య దేశములకును వ్యాపించినది. కాని ఆ క్రీడలో ఒక లోపము కలదు. అందలి అరువది నాలుగు గళ్ళును ఒక్కటే తీరు. వానిలో కొండ లేదు, కోన లేదు, ఏరు లేదు, సముద్రము అంతకంటె లేదు. దీవులలో కాపురముండు వారికి ఆ లోపము మఱింత స్పష్టముగా కనబడవలెను. ఓడరేవు లేని యుద్ధమును గూర్చి తీరవాసి ఏమి ఆలోచింపగలడు?

ఈ లోపమును పూరింప బూనిన వారిలో ముఖ్యులు ప్రష్యా దేశపు రైస్విట్జ్ తండ్రికొడుకులు. 1812లో తండ్రి మెట్టపల్లములు గల యుద్ధక్రీడను కల్పింపగా, సైన్యములో ఉద్యోగియైన కుమారుడు 1824లో దానిని సంస్కరించి నిజమైన భూపటముపై ఆడునట్లు చేసెను. నేలపై ఎనిమిది వేల అడుగులు పటముపై ఒక అడుగగునట్టి కొలతతో ఆ పటములు తయారైనవి. ఆ దేశపు సైన్యాధికారులు దానిని వినోదముగా గాక విద్యగా స్వీకరించిరి. ఆనాటి నుండి వ్యూహక్రీడ అనగా సగము సేన, సగము పటము.

నేడు ఆ క్రీడ కంప్యూటరు తెరమీదికి వచ్చినది. జంగ్లీఘాట్‌లోనో, డిలానీపూర్‌లోనో, హడ్డోలోనో ఉన్న ఏ క్వార్టర్సు తలుపు తట్టినను, పరీక్షలు దగ్గరకు వచ్చినవనియు, పిల్లవాడు ఆ ఆట వదలుట లేదనియు ఒక తల్లి చెప్పుట వినవచ్చును. ఆ ఫిర్యాదులో న్యాయము లేకపోలేదు. కాని ఆడుట వేఱు, ఆటను కట్టుట వేఱు. నాటకము చూచువానికిని, నాటకము వ్రాసి రంగము కట్టించువానికిని ఎంత భేదమో, ఈ రెంటికిని అంత భేదము. ఈ ప్రసంగము ఆ రెండవ పనిని గూర్చినది. దాని పేరు పటరచన. ఆ పనికి ఉపయోగపడు పనిముట్టును మ్యాప్ ఎడిటరు అందురు.

ఇందుకు ఉదాహరణముగా ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగమును తీసికొనుట సముచితము. ఎన్సెంబుల్ స్టూడియోస్ అను సంస్థ నిర్మింపగా మైక్రోసాఫ్ట్ వారు 1999లో దానిని వెలువరించిరి. ఆహారము, కలప, బంగారము, రాయి అను నాలుగు ద్రవ్యములను కూడబెట్టి, ఊరు కట్టి, సేనను పెంచి, శత్రువును గెలుచుట ఆ క్రీడ. ఆటతోపాటే పటరచన చేయుటకు ఒక ఎడిటరును ఇచ్చిరి. దానిని వేఱుగా కొననక్కఱలేదు. సంస్థ వారు తాము కథలు కట్టుటకు వాడునట్టి పనిముట్టును సామాన్యుని చేతికి అందించుట సాహసమే. ఆ సాహసము వ్యర్థము కాలేదు.

కొందఱు అభిమానులు తమ తీరికవేళలలో ఆ క్రీడకు కొత్త జాతులను, కొత్త కథలను చేర్చి ‘ఫర్గాటెన్ ఎంపైర్స్’ అను పేర ఉచితముగా పంచిరి. 2013లో ఆ పనియే ‘ది ఫర్గాటెన్’ అను అధికారిక భాగమై వెలువడినది. అందులోనే మొదటిసారిగా భారతీయులు ఒక జాతిగా ఆ క్రీడలో ప్రవేశించిరి. తరువాత ఆ అభిమానుల బృందమే సంస్థగా ఏర్పడి, 2019 నాటి ‘డెఫినిటివ్ ఎడిషన్’ నిర్మాణములో పాల్గొన్నది. 2022 ఏప్రిలులో ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ అను భాగము వచ్చినది. ద్రావిడులు, వంగీయులు, గుర్జరులు అను మూడు జాతులు అప్పుడు కొత్తగా చేరినవి. అభిరుచితో మొదలైన పని వృత్తిగా మారిన కథ ఇది. ఇట్టిదే మఱియొకటి కలదు: ‘వార్‌క్రాఫ్ట్’ మూడవ భాగముతో 2002లో వచ్చిన ఎడిటరును పట్టుకొని అభిమానులు ‘డోటా’ అను పటమును కట్టిరి. మూల క్రీడ కంటె ఆ పటమునకే ఖ్యాతి హెచ్చి, 2013లో అది ‘డోటా 2’ అను స్వతంత్ర క్రీడయైనది.

ఇక విషయమునకు వత్తము. ఈ దీవులలోని ఒక తెలుగు బాలుడు ఆ ఎడిటరును తెఱచినాడనుకొందము. అతడు కట్టదలచినది క్రీ. శ. 1025 నాటి కథ: గంగైకొండ రాజేంద్రచోళుని నౌకాదళము బంగాళాఖాతమును దాటి శ్రీవిజయ రాజ్యముపై దండెత్తిన కథ. ఈ కథ ఈ దీవులకు పరాయిది కాదు. ఆ దండయాత్రలో జయించిన స్థలములను పేర్కొను తంజావూరు శాసనములో ‘మానక్కవారము’ అను పేరు కలదు. అది నికోబారు దీవులని పండితుల నిర్ణయము. 2024 సెప్టెంబరులో పోర్టు బ్లెయిరునకు శ్రీ విజయపురమని పేరు మార్చినప్పుడు ఈ చోళ నౌకాయాత్ర మరల అందఱి నోటను నానినది.

ఎడిటరు తెఱవగానే ఖాళీ పటము కనబడును. దానిని పచ్చికతో నింపవచ్చును, ఇసుకతో నింపవచ్చును, నీటితో నింపవచ్చును. దీవుల పటము కట్టువాడు నీటితోనే మొదలుపెట్టవలెను. మొదట అంతయు సముద్రము. పిమ్మట అందులోనుండి భూమిని పైకి తీయవలెను. సింహాచలము కొండకు మ్రొక్కుకొను ఉత్తరాంధ్ర కుటుంబముల పిల్లలకు ఈ పని కొత్తగా తోచదు. ఆదివరాహమూర్తి చేసిన పని ఇదియే కదా! వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల లాంఛనమును వరాహమే.

మొట్టమొదటి చిక్కు కొలత. ఆ క్రీడలో ‘జెయింటు’ అను పెద్ద పటము ఒక్కొక్క అంచున 240 గళ్ళు కలది. నాగపట్టణము నుండి కడారము, అనగా నేటి మలేసియాలోని కెడా వఱకు తూర్పుపడమరల దూరము సుమారు 2,250 కిలోమీటర్లు. దానిని 240 చేత భాగింపగా ఒక్కొక్క గడికి తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు వచ్చును. ఈ లెక్కన అండమానులను, నికోబారులను విడదీయు పది డిగ్రీల జలసంధి 150 కిలోమీటర్లు గాన పదునాఱు గళ్ళగును. దక్షిణ అండమాను దీవి పొడవు పది గళ్ళు, వెడల్పు మూడు గళ్ళు. కార్ నికోబారు ఒకటి రెండు గళ్ళు. ఒకనాడు రాస్ ద్వీపమని పిలువబడి, 2018లో నేతాజీ పేరు పొందిన చిన్న దీవి గడిలో వందవ వంతైనను కాదు. పటములో దానికి చోటే లేదు.

అంతటితో తీరలేదు. ఆ క్రీడలో ఊరి నడుమ కట్టు ‘టౌన్ సెంటరు’ నాలుగు గళ్ళ పొడవు, నాలుగు గళ్ళ వెడల్పు ఉండును. పై కొలత ప్రకారము ఆ ఒక్క కట్టడము ముప్పదియేడు కిలోమీటర్ల వెడల్పు కలదగును. అది దక్షిణ అండమాను వెడల్పు కంటె ఎక్కువ! కొలత తప్పకుండ గీసిన దీవిలో ఒక్క ఊరు కూడ పట్టదన్నమాట. కాబట్టి పటరచయిత సముద్రమును కుదింపవలెను, దీవులను పెంచవలెను. సత్యమును కొంత వంచక తప్పదు. అయితే దేనిని వంచుట, దేనిని వంచకుండుట అను నిర్ణయములోనే అతని నేర్పు తెలియును. దీవుల వరుస, ఉత్తర దక్షిణముల క్రమము, జలసంధుల స్థానము, ఏ తీరమున ఓడ చేరగలదు, ఏ తీరమున చేరలేదు అనునవి నిలిచినచో పటము నిజమైనదే. దీవి కొలత పెరిగినంతమాత్రమున అబద్ధము కాదు. దేవాలయ శిల్పములో రాజును పెద్దగాను, పరివారమును చిన్నగాను చెక్కినవాడు అబద్ధీకుడు కాడుగదా!

రెండవ చిక్కు ఎత్తుపల్లములు. ఎడిటరులో నేల ఎత్తును పెంచుటకును తగ్గించుటకును ఒక కుంచె వంటిది కలదు. దానిని త్రిప్పినంతనే కొండ లేచును, మరల త్రిప్పినంతనే అణగును. కాని అందులో ఒక వింత ఉన్నది. నేలను ఎంత దింపినను దానిపైకి నీరు రాదు. నీరు వేఱుగా పూయవలసిన వర్ణము మాత్రమే. ఎత్తునకును నీటికిని ఆ క్రీడలో సంబంధము లేదు.

దీవివాసులకు ఇది ఎంతటి పొరపాటో చెప్పనక్కఱలేదు. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సముద్రగర్భమున వచ్చిన భూకంపము ఈ దీవుల పటమును నిజముగనే మార్చినది. గ్రేట్ నికోబారు దక్షిణాగ్రమున ఇందిరా పాయింటు నాలుగు మీటర్లకు మించి క్రుంగినది. అచ్చటి దీపస్తంభము పాదము నీటిలో నిలిచినది. ఈ నగరమునకు సమీపమున శిప్పీఘాట్ పొలములలోనికి ఉప్పునీరు వచ్చి మరల పోలేదు. ఉత్తర అండమాను పడమటి తీరమున మాత్రము నేల పైకి లేచి, పగడపు దిబ్బలు బయటపడినవి. ఒక కొన క్రుంగగా మఱియొక కొన లేచినది. ఆనాటి నీటిలో పోయిన ప్రాణములు వేలు. అందులో తెలుగు కుటుంబములవారును ఉండిరి.

కాబట్టి ఈ దీవులలో పుట్టిన బాలుడు పటము కట్టునపుడు నేల దించిన చోట నీరు పూయుట మఱువడు. ఇతర ప్రాంతపు బాలునకు అది వర్ణము. ఇతనికి అది జ్ఞాపకము. పటరచన నేర్పు మొదటి పాఠము ఇదియే: యంత్రము తనంత తాను ఎఱుగని సంబంధములను మానవుడే కల్పింపవలెను.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది, మనుష్యుల విషయము. ఆ క్రీడలో ఎనమండుగురు ఆటగాండ్ర వఱకు ఉండవచ్చును. వారు గాక తొమ్మిదవ స్వామి ఒకరు కలరు. ఆ స్వామికి ‘గయా’ అని పేరు. గ్రీకుల భూదేవి పేరది. చెట్లు, జింకలు, అడవిపందులు, చేపలు, బంగారు గనులు, ఎవరికిని చెందనివన్నియు గయా సొత్తు. ఆటగాడు వచ్చి కొట్టుకొనుటకో, వేటాడుటకో, త్రవ్వుకొనుటకో అవి అట్లు పడియుండును.

ఇప్పుడు ప్రశ్న. అండమాను దీవులలో అనాదిగా నివసించు జనులను ఎచ్చట ఉంచవలెను? ఊళ్ళు కట్టరు, గనులు త్రవ్వరు, రాజ్యము విస్తరింపరు. కావున తొందరపాటు గల పటరచయిత వారిని గయా ఖాతాలో వేయును. అనగా జింకల సరసన నిలుపును. లేదా ఓడ దిగిన వారిమీద బాణములు వేయు శత్రువులుగా నిలుపును. ఈ రెండును సులభములే. ఈ రెండును చరిత్రలో జరిగినవే. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిరు ఈ రేవును కొలిచి పటము గీచి, ఛాథాం దీవిపై వలస నెలకొల్పినప్పుడును, 1858లో ఖైదీల వలస మరల ఆరంభమైనప్పుడును, దొరల పటములలో ఈ అడవులు ఖాళీ భూములే. ఖాళీ కాదని చెప్పుటకు 1859లో ఆదివాసులు అబర్డీను వద్ద పోరాడిరి. ఆ పోరాటమునకు స్మారకము ఈ నగరములో నేటికిని కలదు. 1858 నాటికి వేల సంఖ్యలో నున్న గ్రేట్ అండమానీయులు తరువాతి కాలములో వ్యాధులకు బలియై పదుల సంఖ్యకు దిగజారిరి. ఎవరినో గయా ఖాతాలో వేసినందుకు ఫలితము అది.

స్వతంత్ర భారతము ఆ తప్పును దిద్దుటకు 1956లో ఆదివాసీ సంరక్షణ నియమావళిని చేసినది. ఇచ్చటి కేంద్ర ప్రభుత్వోద్యోగులకు దాని విలువ తెలియును. కొన్ని దీవులలోనికి, కొన్ని అడవులలోనికి అనుమతి లేనిదే ఎవరును అడుగు పెట్టరాదు. ఉత్తర సెంటినెల్ దీవి వంక ఓడ త్రిప్పుటకే వీలులేదు.

పటములో దీనికి మార్గము లేకపోలేదు. ఆదివాసులకు గయా గాక స్వంతముగా ఒక ఆటగాని స్థానము ఇయ్యవచ్చును. ఎడిటరులో ‘డిప్లొమసీ’ అను పుట కలదు. అందు ఎవరికెవరు మిత్రులో, శత్రువులో, తటస్థులో నిర్ణయింపవచ్చును. వారిని తటస్థులుగా నిలిపి, వారి దీవిని దాటిపోవుట తప్ప వేఱు పని లేకుండ కథను నడుపవచ్చును. లేదా ఆ దీవిని పటములోనికి తీసికొనిరాకయే ఉండవచ్చును. గీయకుండుట కూడ ఒక విధమైన మర్యాద.

నికోబారు ప్రజల విషయము వేఱు. ఏడవ శతాబ్దములో చైనా యాత్రికుడైన ఇత్సింగ్ ఈ సముద్రమార్గమున పోవుచు, దీవి వారు చిన్న పడవలలో ఎదురువచ్చి కొబ్బరికాయలు, అరటిపండ్లు ఇచ్చి ఇనుము కోరుచుండిరని వ్రాసెను. నికోబారు వారు ఆనాడే వర్తకులు. కాని పైని చెప్పిన నాలుగు ద్రవ్యములలో ఇనుము లేదు! ఆ దీవివారు దేనిని అన్నిటికంటె మిన్నగా కోరిరో, ఆ వస్తువునకు ఆ క్రీడలో పేరే లేదు. బంగారమును దానికి మారుగా ఇప్పించి సరిపుచ్చుకొనవలెను. అట్లు మార్చినట్లు కథాముఖములో ఒక మాట వ్రాసి చెప్పవలెను. ఆ ఒక్క మాట వ్రాసినవాడు చరిత్ర విద్యార్థి, వ్రాయనివాడు ఆటగాడు.

ఇక నాలుగవది, ఎడిటరునకు ప్రాణమనదగినది, ‘ట్రిగ్గరు’. పటము దేహమైనచో ట్రిగ్గరు దానిలోని ఊపిరి. దీని స్వరూపము ప్రభుత్వోద్యోగులకు బోధించుట మిక్కిలి సులభము. ఏలయన, సర్వీసు రూల్సు చదివినవారికి ఇది కొత్త కాదు. ప్రతి ట్రిగ్గరులోను రెండు భాగములుండును: ఒకటి షరతు, రెండవది ఫలితము. ఇంత కాలము సేవ పూర్తియైనచో ఇంక్రిమెంటు, దరఖాస్తు మంజూరైనచో సెలవు, ఇట్లు నడచును. పటములో ‘రాజు ఓడ ఈ తీరమునకు చేరినచో’ అనునది షరతు. ‘తీరవాసులు మిత్రులగుదురు’ అనునది ఫలితము. ఒక ట్రిగ్గరు మఱియొక ట్రిగ్గరును మేల్కొల్పవచ్చును, నిద్రపుచ్చవచ్చును. ఒక్కసారియే పనిచేయునట్లును, మాటిమాటికి పనిచేయునట్లును నియమింపవచ్చును. ఉత్తరువులో ఒక్క మాట తప్పినచో ఫైలు ఎట్లు చిక్కుపడునో, ట్రిగ్గరులో ఒక్క షరతు తప్పినచో కథ అట్లు చిక్కుపడును.

దీనికి ఈ సముద్రమే మంచి ఉదాహరణము. ఆ క్రీడలో గాలి లేదు. ఓడ ఏ దిక్కునకైనను ఒక్కటే వేగముతో పోవును. కాని రాజేంద్రుని కాలమున తెరచాప ఓడకు గాలియే యజమాని. ఈశాన్యపు గాలులు వీచు కాలమున కోరమండల తీరము విడిచిన ఓడలు దీవుల మీదుగా ఆగ్నేయమునకు సాగగలవు. నైరృతి ఋతుపవనము వచ్చిన పిమ్మట తిరిగి రాగలవు. ఋతువు తప్పినచో రేవులో నెలల తరబడి వేచియుండవలసినదే. పటరచయిత కాలమును షరతుగా పెట్టి, ఇన్ని నిమిషములు గడచిన పిమ్మట ఓడల వేగము తగ్గునట్లును, మరల ఇన్ని నిమిషములకు పూర్వపు వేగము వచ్చునట్లును రెండు ట్రిగ్గరులు వ్రాసి, అవి ఒకదానినొకటి మేల్కొల్పునట్లు కట్టినచో ఋతుచక్రము సిద్ధమగును. అప్పుడు ఆడువాడు తొందరపడి ఓడలు విడిచిన యెడల నడిసముద్రమున చిక్కుకొనును. పుస్తకములో ‘ఋతుపవనములు’ అని చదివి మఱచిన పాఠము, ఓడ చిక్కినపుడు మఱపునకు రాదు.

ఇంతవఱకు చోళుల కథ. తెలుగువారికి ఇందులో ఏమి పాలు ఉన్నదని ఎవరైనను అడుగవచ్చును. చాల ఉన్నది. రాజేంద్రుని సోదరి కుందవ వేంగీ ప్రభువైన విమలాదిత్యుని రాణి. వారి కుమారుడు రాజరాజనరేంద్రుడు. నన్నయభట్టారకునిచే భారతాంధ్రీకరణమునకు శ్రీకారము చుట్టించిన ప్రభువు. అతనికి రాజేంద్రుడు మేనమామ. తన కూతురు అమ్మంగదేవిని ఇచ్చి మామగారును ఆయెను. విమలాదిత్యుని అనంతరము సింహాసనమునకై సవతి అన్నదమ్ముల నడుమ వివాదము రేగినది. పశ్చిమ చాళుక్యులు ఒక పక్షము వహింపగా, చోళులు మేనల్లుని పక్షము వహించిరి. 1022లో రాజరాజనరేంద్రునకు పట్టాభిషేకమైనది. మఱి మూడేండ్లకు చోళుని ఓడలు ఈ సముద్రమును దాటినవి. తరువాత రాజరాజనరేంద్రుని కుమారుడే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడని ప్రసిద్ధుడాయెను. వేంగి, తంజావూరు, నక్కవారము, కడారము అనునవి ఒక్క కుటుంబ కథలోని నాలుగు అధ్యాయములు.

2022లో వచ్చిన భాగములో రాజేంద్రుని కథ ఒక వరుసగా కలదు. కాని వేంగికి అందు వేఱు జాతి స్థానము లేదు. తెలుగు ప్రభువులను కూడ ద్రావిడులనియే చూపవలెను. ఇందుకు నొచ్చుకొని ఊరకుండుట ఒక మార్గము. ఎడిటరు చేతనుండగా పటము కట్టుట ఇంకొక మార్గము.

కట్టదగిన ఘట్టమును కలదు. కొల్లేటి సమీపమునందలి కలిదిండిలో దొరకిన రాజరాజనరేంద్రుని తామ్రశాసనము ఒక యుద్ధమును చెప్పుచున్నది. కర్ణాట సైన్యముతో జరిగిన ఆ పోరులో చోళులు పంపిన సేనానులు ముగ్గురు నేలకొరిగిరి. రాజు వారి స్మృతికై శివాలయములు కట్టించెను. ఈ ఘట్టమును పటముగా కట్టువానికి ఒక ధర్మసంకటము ఎదురగును. సాధారణముగా ఇట్టి కథలలో నాయకుడు మరణించినచో ‘ఓటమి’ అని ఫలితము వ్రాయుదురు. ముగ్గురు సేనానులు పడినంతనే తెరపై ఓటమి కనబడును, ఆట ముగియును. కాని శాసనము అక్కడ ముగియలేదు. శాసనము అక్కడనే మొదలైనది.

కాబట్టి తెలిసిన పటరచయిత షరతును అట్లే ఉంచి, ఫలితమును మార్చును. సేనాని పడినచో ఓటమి కాదు. కొంత కాలము గడచిన పిమ్మట అతడు పడిన చోట ఒక గుడి వెలయును. ముగ్గురు పడినచో మూడు గుళ్ళు. ఎడిటరులో ఇది రెండు వరుసల పని: కాలము ఒక షరతు, కట్టడమును సృష్టించుట ఒక ఫలితము. ఆడువాడు గుఱ్ఱపుదళమును నడుపుచు మరల ఆ దారిని వచ్చినపుడు, తాను పోగొట్టుకొన్నవారి పేరిట నిలిచిన గుడిని చూచును. గెలుపోటముల లెక్క కంటె పెద్ద లెక్క ఒకటి ఉన్నదని ఏ ఉపన్యాసమును అక్కఱలేకయే అతనికి తెలియును.

పని ఇంతటితో ముగియదు. కట్టిన పటమును తానే పలుమారులు ఆడి పరీక్షింపవలెను. తీరము పొడవునను కొండచఱియలు పెట్టి, ఓడ దిగుటకు ఇసుకతీరము విడువని పటములు ఎన్నియో. రాజు ఒడ్డెక్కినచో అని షరతు వ్రాసి, ఒడ్డెక్కు దారి లేకుండ చేసినవాడు తన ఉచ్చులో తానే పడినవాడు. బారాటాంగు వంక మడ అడవుల నడుమ సాగు క్రీకులను చూచిన బాలునకు, ఏ తీరమున దిగవచ్చునో, ఏ తీరమున పడవ చిక్కుకొనునో చెప్పనక్కఱలేదు. ఆ క్రీడలో మడ చెట్లును కలవు. 2016లో ఆగ్నేయాసియా జాతులతోపాటు అవి చేరినవి. శ్రీవిజయమునకు తగిన మలయ జాతియు అప్పుడు వచ్చినదే.

ఈ పని ఈ దీవులకు తగినదనుటకు మఱియొక కారణమును కలదు. ఇంతటి క్రీడను అంతర్జాలము ద్వారా దింపుకొనుటకు చాల సామర్థ్యము కావలెను. ఉపగ్రహమే దిక్కుగా నున్న రోజులలో ఇచ్చట అది దుస్సాధ్యము. చెన్నై నుండి సముద్రగర్భమున సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు వేసి 2020 ఆగస్టు 10వ తేదీన ప్రారంభించిన తరువాత ఆ ఇబ్బంది చాలవఱకు తీరినది. కాని పటము అట్టిది కాదు. మూల క్రీడ ఎంత పెద్దదో, పటము అంత చిన్నది. ఒకరి నుండి ఒకరికి పంపుట క్షణములో పని. కంప్యూటరులో క్రీడ ఉన్నచో, అంతర్జాలము లేని దీవిలోనైనను కూర్చుండి పటము కట్టుకొనవచ్చును. కమోర్టాలోనో, హట్ బేలోనో ఉద్యోగము చేయు తండ్రి వెంట పోయిన బాలునకు వర్షాకాలపు సాయంకాలములు దీర్ఘములు. ఆ సాయంకాలములకు ఇంతకంటె మంచి పని దొరకుట కష్టము.

తలిదండ్రులకు ఒక్క మనవి. పిల్లవాడు ఆడుచున్నపుడు ‘ఎంతసేపు?’ అని అడుగుట తగును. కట్టుచున్నపుడు మాత్రము ‘ఏమి కట్టుచున్నావు?’ అని అడుగుడు. గడికి ఎన్ని కిలోమీటర్లని అడుగుడు. గాలి ఏ దిక్కున పెట్టినావని అడుగుడు. ఆ దీవివారిని ఎవరి ఖాతాలో వేసినావని అడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగినచో గణితము, భూగోళము, ధర్మము అను మూడు పాఠములు అతడు ఆ రోజు చదివినట్లే. చెప్పలేనిచో, ఆ ప్రశ్నలే మఱునాటి పని యగును. వినోదమునకును నిద్రకును కాలనియమము ఉండవలసినదే. ఆ నియమము పటరచయితకును వర్తించును. కాని పని ఏదో తెలిసి విధించిన నియమమునకు పిల్లలు లోబడినట్లు, తెలియక విధించిన నియమమునకు లోబడరు.

కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఊరు నిలుకడ కాదు. బదిలీ ఉత్తరువు రాగానే పెట్టెలు సర్దుకొని విశాఖపట్టణపు ఓడనో, చెన్నై విమానమునో ఎక్కవలెను. పిల్లవాడు నేర్చిన ఈత, ఎక్కిన కొబ్బరిచెట్టు, పేరు పెట్టుకొన్న దారి అన్నియు ఇచ్చటనే ఉండిపోవును. కాని అతడు కట్టిన పటము వెంట పోవును. అందులో దక్షిణ అండమాను కొంచెము పెద్దదిగా నుండవచ్చును. సముద్రము కొంచెము కుదిసియుండవచ్చును. అయినను ఏ తీరమున ఓడ దిగునో, ఏ దీవిని దూరమునుండియే దాటిపోవలెనో, నేల క్రుంగిన చోట నీరు ఎంతవఱకు వచ్చునో అందు తప్పుండదు. ఎన్నడును ఈ దీవులు చూడని మేనత్త కొడుకు రాజమహేంద్రవరములో ఆ పటము తెఱచి ఆడినపుడు, ఇచ్చటి గాలి కొంత అచ్చట వీచును. ఆ బాలుడు ఏ ఊరిలో ఎన్నాళ్ళుండెనని అడుగువారికి, ఆ పటమే సమాధానము చెప్పును.